ర్యామ్ ఇంకా ఖాళీగా ఉన్నా ప్లగిన్లు మెమరీ లేదంటున్నాయి

గోదావరి కీస్, రాజమండ్రి

నమస్కారం అందరికీ. పాట మధ్యలో ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్ళు కాస్త దారి చూపించండి.

నేను చుట్టుపక్కల ఊళ్ళలో ప్రోగ్రాములకి కీబోర్డ్ వాయిస్తాను. ఇంట్లో పడమటి గదిలో చిన్న సెటప్ పెట్టుకుని భక్తి పాటలకీ జానపదాలకీ ట్రాకులు చేసిస్తుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నది కార్తీక మాసానికి ఒక శివుడి పాట. పాడే ఆవిడ ఆదివారం కాకినాడ నుంచి వస్తున్నారు. ఆలోపు ట్రాక్ రెడీ అవ్వాలి. ఇక్కడేమో ప్రాజెక్టే తెరుచుకోవడం మానేసింది.

లాప్‌టాప్ విండోస్ 10, ర్యామ్ 16 జీబీ, లోపల 512 జీబీ ఎస్ఎస్‌డీ. పాటలు రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్ రీపర్, అది 64-బిట్‌దే. అందులో వాయిద్యాలు మోగించే ప్లగిన్ (రీపర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) కాంటాక్ట్, ఫుల్ వెర్షన్. దాని లైబ్రరీలు, అంటే రికార్డ్ చేసిన వాయిద్యాల శబ్దాలు (శాంపిల్స్), మాత్రం బయట 2 టీబీ యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి, లోపల చోటు చాలక.

పాటలో తంబూరా, వీణ, ఫ్లూట్, పియానో, గుడి గంటలు, స్ట్రింగ్స్ ఉన్నాయి. స్ట్రింగ్స్ ఒకే ప్యాచ్ (ఒక వాయిద్యపు శబ్దాల కట్ట) కాదు. ఫస్ట్ వయొలిన్స్, సెకండ్ వయొలిన్స్, వయోలా, చెల్లో అన్నీ విడివిడిగా పెట్టాను. ఇవి కాక తబలా, మృదంగం, కంజీర. ఈ మూడూ ఒక పాత ప్లగిన్‌లోవి. అది 32-బిట్‌దే, కొత్త వెర్షన్ రాలేదు. మార్చెయ్యమని చాలామంది చెప్పారు కానీ ఆ మృదంగంలో ఎడమవైపు గుంకీ (జారుతూ మోగే నాదం) ఇంకే లైబ్రరీలోనూ నాకు దొరకలేదు.

జరుగుతున్నది ఇదీ. మొదటి చరణం ముందు బిట్‌కి చెల్లో లోడ్ చెయ్యగానే మెమరీ చాల్లేదని మెసేజ్ వచ్చింది. ఓకే కొట్టాను. తబలా ప్లగిన్ కిటికీ తెల్లగా అయిపోయి శబ్దం ఆగిపోయింది. సేవ్ కొడితే రీపర్ బిగుసుకుపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసి ప్రాజెక్ట్ తెరిస్తే సగం ట్రాకులు లోడై మూసుకుపోతోంది.

నాకు అర్థంకానిది ఒక్కటే. ఆ మెసేజ్ వచ్చిన క్షణంలో టాస్క్ మేనేజర్ పక్కనే తెరిచి ఉంది. మెమరీ 66 శాతం అని చూపిస్తోంది. అంటే ఇంకా 5 జీబీ పైనే ఖాళీ. ఉన్నది వాడుకోకుండా లేదంటే ఎలా? కంప్యూటర్ షాపతను ఇంకో 16 జీబీ వేసెయ్యమంటున్నాడు. ఉన్న ఖాళీనే ముట్టుకోనిది, కొత్తది వేస్తే ముట్టుకుంటుందా?


బీట్స్ వరంగల్

బ్రో, సేమ్ ప్రాబ్లం నాకు కూడా వచ్చింది. ఆడియో సెట్టింగ్స్‌లకి పోయి బఫర్ సైజు (ఒక్కో విడతల తయారయ్యే శబ్దం ముక్క) చూడు. 128 ఉంటే 1024 చెయ్యి. నాకు చిటపట సౌండ్లన్నీ పోయినయ్. ఇంకా కాకపోతే ర్యామ్ 32 చేయించు, టెన్షన్ ఖతం. నేను ఎఫ్ఎల్ స్టూడియో వాడతా, రీపర్ గురించి నాకంత తెల్వదు.


పాత టేపు, హైదరాబాద్

వరంగల్ తమ్ముడూ, నీకు చిటపటలు పోయాయంటే అవి ప్రాసెసర్ అందుకోలేక వచ్చినవి. బఫర్ 1024 చేస్తే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రాసెసర్‌కి ఒక్కో విడతకి 21 మిల్లీసెకన్ల టైమ్ దొరుకుతుంది, ఊపిరి పీల్చుకుంటుంది. మెమరీకి దానితో సంబంధం లేదు. ఆయనకి శబ్దం తెగడం లేదు, లోడే అవ్వడం లేదు. రెండూ వేరు జబ్బులు.

గోదావరి తమ్ముడూ, ర్యామ్ కొనకు. ఇప్పుడే కొనకు అంటున్నాను, అసలు వద్దని కాదు. ముందు ప్రాజెక్ట్ ప్రాణం నిలబెట్టుకో. రీపర్‌లో ఓపెన్ ప్రాజెక్ట్ కొట్టినప్పుడు వచ్చే కిటికీలో, ఫైల్ ఎంచుకునే చోట కింద, ఎఫ్ఎక్స్ (అంటే ప్లగిన్లు) ఆఫ్‌లైన్‌లో తెరవమని ఒక టిక్ బాక్స్ ఉంటుంది. రికవరీ మోడ్ అంటారు. అది టిక్ పెట్టి తెరువు. నోట్లు, ఆడియో, ఫేడర్లు అన్నీ వస్తాయి, ప్లగిన్లు ఒక్కటీ లోడ్ అవ్వవు. కాబట్టి పడిపోదు. వెంటనే వేరే పేరుతో సేవ్ చెయ్యి. ఆ తర్వాత ఒక్కో ట్రాక్ ప్లగిన్‌ని ఆన్‌లైన్ చేసుకుంటూ రా.

అలా తెస్తూ తెస్తూ నాకు మూడు సంగతులు చూసి చెప్పు.

ఒకటి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. నువ్వు చూసిన ఆ శాతం కాదు. గ్రాఫ్ కింద కమిటెడ్ అని ఒక జత అంకెలుంటాయి, మధ్యలో గీతతో. అవి రెండూ రాయి.

రెండు, డీటెయిల్స్ ట్యాబ్‌లో రీపర్ హోస్ట్32 అనే పేరుతో ఒక ప్రాసెస్ ఉంటుంది. తబలా, మృదంగం, కంజీర మూడూ లోడయ్యాక అదెంత మెమరీ తింటోందో చూడు.

మూడు, విండోస్‌లో వర్చువల్ మెమరీ సెట్టింగ్ ఎలా ఉందో చూడు. రన్‌లో ఎస్‌వైఎస్‌డీఎం డాట్ సీపీఎల్ కొట్టి, అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్ళీ అడ్వాన్స్‌డ్, అక్కడ ఛేంజ్. కంగారుపడి ఏదీ మార్చకు. ఊరికే చూసి చెప్పు.


గోదావరి కీస్, రాజమండ్రి

గురువుగారూ, ప్రాజెక్ట్ తెరుచుకుంది! అన్నీ ఉన్నాయి. వేరే పేరుతో సేవ్ చేశాను.

చెల్లో ఒక్కటి తప్ప అన్నీ ఆన్‌లైన్ చేశాక కమిటెడ్ దగ్గర 15.3/15.8 జీబీ అని ఉంది. పైన శాతం మాత్రం ఇప్పుడు కూడా అరవై దాటి కొంచెమే.

హోస్ట్32 అనేది ఉంది. 1.7 జీబీ చిల్లర చూపిస్తోంది.

వర్చువల్ మెమరీలో సీ డ్రైవ్ పక్కన పేజింగ్ ఫైల్ ఏమీ లేదని ఉంది. అది నేను పెట్టింది కాదు. విండోస్ మళ్ళీ వేయించినప్పుడు మెకానిక్ ఏవో సెట్టింగ్స్ చేసి, మ్యూజిక్‌కి స్పీడ్ పెరుగుతుందన్నాడు.


పాత టేపు, హైదరాబాద్

అదీ సంగతి. నీకు పట్టుకున్నవి రెండు వేర్వేరు హద్దులు, రెండూ ఒకే రోజు తగిలాయి. అందుకే గజిబిజిగా కనిపించింది.

మొదటిది కమిటెడ్. ఒక ప్రోగ్రాం తనకి ఇంత మెమరీ కావాలని అడిగితే విండోస్ ఇస్తానని మాటిస్తుంది. అలా మాటిచ్చిందంతా కలిపితే ఎడమవైపు అంకె. మొత్తం ఎంతవరకు మాటివ్వగలదో కుడివైపు అంకె. ఆ కుడివైపు హద్దు ర్యామ్, పేజ్ ఫైల్ (ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్కు మీద ఉంచుకునే ఫైల్) కలిపినంత. పేజ్ ఫైల్ తీసేశారు కాబట్టి నీకు ఉత్త ర్యామే హద్దు, 15.8. నువ్వు చూసిన 66 శాతం మాత్రం నిజంగా ర్యామ్‌లో కూర్చున్న సరుకు. మాటిచ్చింది వేరు, వాడుతున్నది వేరు. కళ్యాణమండపంలో గదులన్నీ బుక్కయిపోయి పెళ్ళివాళ్ళు ఇంకా దిగలేదనుకో. వరండాలో నడుస్తుంటే గదులు ఖాళీగానే కనిపిస్తాయి, నువ్వడిగితే మాత్రం ఇవ్వరు. నీ చెల్లోకి దొరకనిది అదే గది.

పేజ్ ఫైల్ తీసేస్తే మ్యూజిక్‌కి మంచిదన్న మాట ఎక్కడో పుట్టి ఇంకా తిరుగుతూనే ఉంది. ర్యామ్ 512 ఎంబీ, డిస్కు నత్తనడక ఉన్న కాలంలో, రికార్డింగ్ మధ్యలో విండోస్ డిస్కు గీకుతుంటే టేక్ పాడయ్యేది. ఆ భయం అప్పుడు న్యాయమే. ఇప్పుడు పేజ్ ఫైల్ ఉన్నంత మాత్రాన విండోస్ నీ వయొలిన్‌ని డిస్కులోకి తోసెయ్యదు. చాలాసార్లు ఆ ఫైల్‌ని పెద్దగా ముట్టుకోదు కూడా, హామీగా ఉంటుందంతే. కాబట్టి అదే కిటికీలో అన్ని డ్రైవ్‌లకీ సైజు ఆటోమేటిక్‌గా చూసుకోమనే టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యి. పేజ్ ఫైల్ లోపలి ఎస్ఎస్‌డీ మీదే ఉండాలి. దాని కోసం సీ డ్రైవ్‌లో ఓ 20 జీబీ ఖాళీ ఉంచుకో.

రెండోది ఆ 32-బిట్ ప్లగిన్. 32 బిట్లతో లెక్కపెట్టగలిగే చిరునామాలు 4 జీబీకి మించవు. అందులో సగం విండోస్ తనకి ఉంచుకుంటుంది, ప్రోగ్రాంకి మిగిలేది 2 జీబీ. ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళు లార్జ్ అడ్రెస్ అవేర్ అనే గుర్తు వేసి ఉంటే 64-బిట్ విండోస్ మీద దానికి 4 జీబీ దాకా దొరుకుతుంది, లేకపోతే లేదు. నీ లాప్‌టాప్‌లో 16 ఉన్నా, రేపు 64 వేసినా ఈ లెక్క మారదు. షాపతను వేసే కొత్త ర్యామ్‌లో ఒక్క బైట్ కూడా ఆ తబలాకి అందదు.

పైగా 1.7 దగ్గరే ఆగిపోతోందేమని అడుగుతావు. శాంపిల్‌కి ఒకే ముక్కగా చోటు కావాలి. లోడ్ చేసి, ప్రీసెట్ మార్చి, మళ్ళీ లోడ్ చేసేసరికి ఖాళీ అంతా తునకలైపోయి ఉంటుంది. మొత్తం కూడితే 300 ఎంబీ ఉంటుంది, ఒక్కచోట 40 ఎంబీ దొరకదు.

దీనికి రీపర్‌లో మంచి ఉపాయం ఉంది. 64-బిట్ రీపర్ 32-బిట్ ప్లగిన్లని బయట ఒక వేరే ప్రాసెస్‌లో పెట్టి నడుపుతుంది. అదే నువ్వు చూసిన హోస్ట్32. మామూలుగా నీ తబలా, మృదంగం, కంజీర మూడూ ఆ ఒక్క ప్రాసెస్‌లోనే కిక్కిరిసి ఉంటాయి, ఆ 2 జీబీనే పంచుకుంటాయి. యాడ్ ఎఫ్ఎక్స్ కిటికీలో ఆ ప్లగిన్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్‌లో డెడికేటెడ్ ప్రాసెస్ ఎంచుకో. ప్రాజెక్ట్ మూసి తెరువు. అప్పుడు డీటెయిల్స్‌లో మూడు హోస్ట్32లు కనిపిస్తాయి. ఎవరి 2 జీబీ వాళ్ళది. ఒకటి పడిపోయినా పక్కది పడదు, రీపర్ కూడా బతికే ఉంటుంది.

ఇక కాంటాక్ట్. ఆర్కెస్ట్రా లైబ్రరీలు చాలావరకు శాంపిల్ మొత్తాన్ని ర్యామ్‌లోకి తెచ్చుకోవు. ఒక్కో శాంపిల్ తల మాత్రం తెచ్చి పెట్టుకుంటాయి, నువ్వు నోట్ నొక్కాక మిగతా ఒళ్ళు డిస్కు నుంచి లాగుతాయి. ఆ తల సైజునే ప్రీలోడ్ బఫర్ అంటారు, మామూలుగా 60 కేబీ. చిన్నదే కదా అనిపిస్తుంది. పియానో లెక్క వెయ్యి: 88 మెట్లు, ఒక్కో మెట్టుకి 10 వెలాసిటీలు (నొక్కే బలాలు), పెడల్ ఉన్నవీ లేనివీ రెండు సెట్లు. 1,760 శాంపిల్స్. ఒక్కోదానికి 60 కేబీ అంటే 103 ఎంబీ. మూడు మైకుల్లో రికార్డ్ చేసి ఉంటే 310. నీ స్ట్రింగ్స్‌లో ఒక్కో సెక్షన్‌కి లాంగ్, షార్ట్, ట్రెమొలో, పిజ్జికాటో అన్నీ కలిపిన ప్యాచ్ వేసుకుని ఉంటావు. పాటలో పిజ్జికాటో ఒక్కచోటైనా ఉందా? లేకపోతే అది ఎందుకు మోయడం? విడి ఆర్టిక్యులేషన్ (ఒక్కో వాయింపు తీరు) ప్యాచ్‌లు వేసుకో. మైకుల్లో ఒకటే ఉంచు. మైకు గుర్తుని ఆఫ్ చేస్తే చాలా లైబ్రరీల్లో ఆ శాంపిల్స్ మెమరీలోంచి దిగిపోతాయి. ఫేడర్ కిందికి లాగితే మాత్రం శబ్దం తగ్గుతుందే తప్ప బరువు దిగదు.

పర్జ్ అని ఇంకో మెనూ ఉంటుంది ప్రతి ఇన్‌స్ట్రుమెంట్ మీదా. అందులో రీసెట్ మార్కర్స్ కొట్టి, పాట మొదటినుంచి చివరిదాకా ఒకసారి ప్లే చేసి, అప్‌డేట్ శాంపిల్ పూల్ కొట్టు. ఆ పాటలో నిజంగా మోగిన నోట్లు మాత్రం ఉంచుకుని మిగతావన్నీ దించేస్తుంది. మోహన రాగంలో పాట చేసేవాడికి మధ్యమం, నిషాదం శాంపిల్స్ ర్యామ్‌లో ఎందుకు? దిగిపోతాయి. అరేంజ్‌మెంట్ అయిపోయాక చేసే పని ఇది. ఇంకా ట్యూన్ వెతుక్కుంటున్నప్పుడు చేస్తే చిరాకు పుడుతుంది.

ప్రీలోడ్ తగ్గించమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. కాంటాక్ట్ ఆప్షన్స్‌లో మెమరీ ట్యాబ్‌లో ఉంటుంది. లైబ్రరీ ఎస్ఎస్‌డీ మీద ఉంటే 12 దాకా దించు, పర్వాలేదు. నీ యూఎస్‌బీ హార్డ్ డిస్కు మీద ఉన్నంతకాలం దాని జోలికి పోకు.


డల్లాస్ తబలా

మాక్‌వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకోసం నాలుగు ముక్కలు.

నాది 8 జీబీ ఎమ్1 మాక్‌బుక్ ఎయిర్. ఇక్కడ తెలుగు అసోసియేషన్ ప్రోగ్రాములకి ట్రాకులు చేస్తాను. ర్యామ్ చిప్‌తో కలిసే వస్తుంది కాబట్టి పెంచుకునే మాటే లేదు. పేజ్ ఫైల్ గొడవ మనకి లేదు, స్వాప్ మాక్ తనే చూసుకుంటుంది. యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ యూజ్డ్ అంకె చూసి భయపడకండి, అది ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. కింద మెమరీ ప్రెషర్ గ్రాఫ్ చూడండి. ఆకుపచ్చగా ఉంటే హాయిగా పని చేసుకోవచ్చు. పసుపులో కాసేపు బండి నడుస్తుంది. ఎరుపు వస్తే మాత్రం సేవ్ చేసి బయటికి రావడమే మేలు.

32-బిట్ విషయంలో మాకు ఇంకా కష్టం. 2019లో కాటలీనా వచ్చాక 32-బిట్ ప్రోగ్రాములే నడవడం మానేశాయి. 32-బిట్ ప్లగిన్లని విడిగా నడిపే బ్రిడ్జీలూ పని చెయ్యవు. నా పాత మెషీన్ మార్చేముందు తబలా ప్లగిన్‌లో ఉన్న బోల్స్ అన్నీ, నా, తిన్, తే, గె, ధా, మెల్లగా కొట్టినవీ గట్టిగా కొట్టినవీ, విడివిడిగా వేవ్ ఫైళ్ళు చేసి దాచుకున్నాను, నా సొంత పాటల వరకు. గోదావరి గారూ, మీ లాప్‌టాప్‌లో ఆ ప్లగిన్ ఇవాళ తెరుచుకుంటోంది. తెరుచుకుంటున్నప్పుడే ఆ పని చేసిపెట్టుకోండి. రీపర్‌లో శాంప్లోమాటిక్ అని శాంపిల్స్ మోగించే ప్లగిన్ ఉచితంగానే వస్తుంది కదా, అందులో వేసుకుంటే సరిపోతుంది. గుంకీ మాత్రం ఒక్క శాంపిల్‌తో తెమలదు. మూడు నాలుగు రకాలుగా జారుడు రికార్డ్ చేసుకోవాలి, చిన్నది, పొడుగుది, పైకెళ్ళి ఆగేది.


గోదావరి కీస్, రాజమండ్రి

గురువుగారికి దండాలు. పేజ్ ఫైల్ ఆటోమేటిక్ పెట్టి రీస్టార్ట్ చేశాను. కుడివైపు అంకె 15.8 నుంచి 20 దాటింది. చెల్లో లోడైంది, కిక్కురుమనలేదు. డెడికేటెడ్ కూడా పెట్టాను, మూడు హోస్ట్32లు కనిపిస్తున్నాయి, పెద్దది మృదంగం, 700 ఎంబీ లోపే. సేవ్ కూడా వెంటనే అవుతోంది.

లోపలి డిస్కులో పాత వీడియోలు తీసేసి స్ట్రింగ్స్ లైబ్రరీని ఎస్ఎస్‌డీ మీదకి మార్చాను. ప్రీలోడ్ 12 చేశాను. స్ట్రింగ్స్ బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ వీణ దగ్గర కొత్త తంటా. మీటు వినిపిస్తుంది, ఆ వెంటనే నాదం తెగిపోతుంది, ఒక్కోసారి ఆలస్యంగా మళ్ళీ వస్తుంది. నెమ్మదిగా వాయిస్తే బాగానే ఉంది, చరణంలో జోరు బిట్ దగ్గరే ఈ గోల. వీణ లైబ్రరీకి లోపల చోటు లేదు, ఇంకా బయటి డిస్కులోనే ఉంది.


పాత టేపు, హైదరాబాద్

నువ్వు విన్నది సరిగ్గా ఆ తల, ఒళ్ళు తేడానే. లెక్క చూడు. 44.1 కిలోహెర్ట్జ్‌లో 24-బిట్ స్టీరియో, కంప్రెస్ చెయ్యనిదైతే సెకనుకి 2,64,600 బైట్లు. 60 కేబీ తల అంటే పావు సెకనుకి కాస్త తక్కువ శబ్దం. 12 కేబీ అంటే 46 మిల్లీసెకన్లు. మీటు ర్యామ్‌లోంచి మోగింది, ఆ 46 మిల్లీసెకన్లు అయిపోయేలోగా డిస్కు నుంచి నాదం రావాలి. తిరిగే డిస్కులో ముల్లు ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్ళి చదవడానికే సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. నెమ్మదిగా వాయిస్తే ఒకటో రెండో నోట్లు కాబట్టి అందుకుంటుంది. జోరు బిట్‌లో పాత నోట్ల నాదం ఇంకా మోగుతుండగానే కొత్తవి పడుతుంటాయి. తంబూరా, ఫ్లూట్ కూడా అదే డిస్కుని అడుగుతుంటాయి. వరసలో వెనకబడ్డవాడు ఆకలితో ఉంటాడు.

ఆ ఆప్షన్ అన్ని ఇన్‌స్ట్రుమెంట్లకీ కలిపి వర్తిస్తుంది. తిరిగి 60 చేసేస్తే వీణ బాగుపడుతుంది, స్ట్రింగ్స్ మళ్ళీ బరువెక్కుతాయి. పేజ్ ఫైల్ వచ్చాక ఆ బరువు నువ్వు మొయ్యగలవు కూడా. కానీ నా సలహా వేరే. వీణ బిట్ ఖాయమైపోయిందా? అయితే ఆ వీణ ట్రాక్‌ని ఫ్రీజ్ చేసెయ్యి. 60 పెట్టి ఒకసారి ఫ్రీజ్ చెయ్యి, తెగకుండా వస్తుంది. తర్వాత 12కి దించుకో. రీపర్‌లో ఫ్రీజ్ చేస్తే ట్రాక్ ఆడియోగా మారి ప్లగిన్ మెమరీలోంచి దిగిపోతుంది. 5 నిమిషాల స్టీరియో, 48 కిలోహెర్ట్జ్, 24-బిట్ అంటే డిస్కు మీద 86 ఎంబీ. ర్యామ్‌కి బరువే కాదు. బైపాస్ చేస్తే చాలనుకుంటారు చాలామంది. బైపాస్ చేసిన ప్లగిన్ శాంపిల్స్ అన్నీ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటుంది. ఆఫ్‌లైన్ చేస్తేనో ఫ్రీజ్ చేస్తేనో దిగుతుంది.

తంబూరా అయితే అసలు లైవ్‌గా ఉంచనే కూడదు. పాట పొడుగునా ఒకటే శ్రుతి, దానికి వందల ఎంబీలూ డిస్కు దారీ ఇచ్చి కూర్చోబెట్టడం అన్యాయం. ఒక రెండు నిమిషాలు రెండర్ చేసి (ఆడియో ఫైల్‌గా తీసి) లూప్ పెట్టు. అయితే ఎక్కడపడితే అక్కడ కోస్తే తెలిసిపోతుంది. పంచమం తీగ మీటిన చోట మొదలుపెట్టి, మంద్ర షడ్జం దాకా నాలుగు తీగల చుట్లు పూర్తయ్యాక, మళ్ళీ పంచమం మీటే చోట కొయ్యి. మంద్ర షడ్జం నాదం తోక ఇంకా ఉంటుంది. దాన్ని తెంపకుండా తర్వాతి లూప్ మొదలు మీదకి పొర్లించు, ఒకదాని మీద ఒకటి క్రాస్‌ఫేడ్ వెయ్యి. అప్పుడు అతుకు పాడే ఆవిడకి కూడా దొరకదు. శ్రుతి మారుస్తానంటుందేమో ముందే కనుక్కో. ఆడియోగా మార్చాక అర శ్రుతి దించమంటే మళ్ళీ రెండర్ చెయ్యాలి.

మేం శాంప్లర్లతో మొదలుపెట్టింది ఇలాగే. 1988లో వచ్చిన ఆకాయ్ ఎస్1000లో మామూలుగా ఉండేది 2 ఎంబీ మెమరీ, డబ్బులుంటే 32 దాకా పెంచుకోవచ్చు. 2 ఎంబీ అంటే మోనోలో 23 సెకన్ల శబ్దం. ఫ్లాపీలోంచి ఒక వాయిద్యం లోడ్ చేసి, టేపు మీదకి ఎక్కించి, అది తీసేసి ఇంకోటి లోడ్ చేసేవాళ్ళం. తర్వాత మార్చుకుందాంలే అనే సౌకర్యం లేదు. మీకది ఉంది, అందుకే చివరి నిమిషం దాకా అన్నీ తెరిచి పెట్టుకుంటున్నారు. సరే, ముసలి గొణుగుడు వదిలెయ్.


బీట్స్ వరంగల్

అన్నా, బఫర్ సంగతి సమజైంది. ఇంకో డౌట్. ఎఫ్ఎల్ స్టూడియోల నేను కూడా ట్రాకులన్నీ ఆడియో చేసి పెట్టిన. 20 స్టెమ్స్ ఉన్నయ్. అయినా మెమరీ తగ్గలే, ఇంకా పెరిగినట్టే అనిపిస్తుంది. మరి ఫ్రీజ్ చేస్తే దిగుతదన్నవ్ కదా?


పాత టేపు, హైదరాబాద్

మంచి ప్రశ్న తమ్ముడూ. ఎఫ్ఎల్ పద్ధతి వేరు. అందులో ఆడియో క్లిప్‌ని మామూలుగా ర్యామ్‌లోకే లోడ్ చేసుకుంటుంది. 5 నిమిషాల స్టీరియో, 48 కిలోహెర్ట్జ్, 32-బిట్ ఫ్లోట్ అయితే ఒక్కోటి 115 ఎంబీ. 20 స్టెమ్స్ అంటే 2.3 జీబీ అక్కడే అయింది. క్లిప్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఛానెల్ సెట్టింగ్స్ తెరుచుకుంటాయి, కీప్ ఆన్ డిస్క్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చెయ్యి, డిస్కు నుంచే చదువుకుంటుంది. పైగా ఆడియో చేశాక ఒరిజినల్ ప్లగిన్ ఛానెల్‌ని మ్యూట్ చేసి వదిలేసి ఉంటావు. మ్యూట్ చేస్తే మెమరీ దిగదు. ఆ ప్రీసెట్‌ని, నోట్లని సేవ్ చేసుకుని ఛానెల్‌నే తీసెయ్యాలి. 32-బిట్ ప్లగిన్లుంటే, ప్లగిన్ చుట్టూ ఎఫ్ఎల్ పెట్టే రాపర్‌లో మేక్ బ్రిడ్జ్‌డ్ అని ఉంటుంది, గోదావరికి చెప్పిన కథే.


గోదావరి కీస్, రాజమండ్రి

వీణ ఫ్రీజ్ అయింది, జోరు బిట్ ఒక్కచోటా తెగలేదు. తంబూరా మీరు చెప్పినట్టే పంచమం దగ్గర కోసి లూప్ పెట్టాను. పాడే అమ్మగారికి ఫోన్ చేసి అడిగితే నాలుగున్నర శ్రుతి ఖాయమన్నారు. ఇప్పుడు కమిటెడ్ 11 దగ్గర తిరుగుతోంది.

ఆఖరి మాట గురువుగారూ. ఆ 16 జీబీ ర్యామ్ ఇక అక్కర్లేనట్టేనా? షాపతను రోజూ ఫోన్ చేస్తున్నాడు.


పాత టేపు, హైదరాబాద్

ఈ పాటకి అక్కర్లేదు. ఇలాంటివే చేస్తూ ఉంటే కూడా తొందరలేదు, ముందు ఆ డబ్బుతో 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకో, లైబ్రరీలన్నీ దాని మీదకి మార్చు. నీకు అసలు తేడా అక్కడ తెలుస్తుంది. పెద్ద ఆర్కెస్ట్రా టెంప్లేట్ ఎప్పుడూ తెరిచి ఉంచే పనులు వస్తే అప్పుడు ర్యామ్. ఎలా తెలుస్తుందంటే, రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి హార్డ్ ఫాల్ట్స్ (కావలసింది ర్యామ్‌లో లేక డిస్కు నుంచి తెచ్చుకున్న సార్లు) కాలమ్ చూడు. పాట ప్లే అవుతుండగా రీపర్ వరసలో ఆ అంకె ఊరుకోకుండా ఎగురుతూ ఉంటే ర్యామ్ నిజంగా చాలట్లేదన్నమాట. లోడ్ అయ్యేటప్పుడు ఎగిరితే పట్టించుకోకు.

అప్పుడైనా షాపుకి వెళ్ళేముందు లాప్‌టాప్ వెనక మూత తీసి చూసుకో. కొన్నిట్లో ఒక ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, రెండో స్లాట్ ఒక్కటే ఖాళీ. కొన్నిట్లో రెండు 8లు పెట్టి ఉంటారు, అలాంటప్పుడు ఇంకో 16 వెయ్యాలంటే ఒక 8 తీసి పక్కన పెట్టాలి. ఏ డీడీఆరో, ఎంత స్పీడో ఉన్న చిప్ మీదే రాసి ఉంటుంది, ఫోటో తీసుకుని వెళ్ళు. పేజ్ ఫైల్‌ని ముట్టుకోవద్దని కూడా ఆ మెకానిక్‌కి ముందే చెప్పు.